వాగు వైపు చప్పుడు

అమ్మ అస్థికలు కృష్ణలో కలపలేదని మా బంధువులు ఇప్పటికీ నన్ను ఆడిపోసుకుంటూనే ఉన్నారు. అటు మాచర్ల దాటితే సాగర్, ఇటు వస్తే సత్రశాల, ఎటు చూసినా కృష్ణమ్మే ఉంటే, ఆ తల్లిని వదిలేసి పాడుబడిన క్వారీ గుంటలో, పాచి పట్టిన నీళ్ళలో కలుపుతారా అని మా పెద్దత్త దినం భోజనాల దగ్గరే నిలదీసింది. "చదువుకున్నదానివి, నీకిదేం పోయేకాలమే" అంది. నోటి దురుసు మనిషినని నాకు పేరుంది. అయినా ఆ రోజు మజ్జిగ గిన్నె పట్టుకుని పక్క వరసకి పోయాను. తమ్ముడు శీను తలొంచుకుని విస్తట్లో అన్నం కెలుకుతూ కూర్చున్నాడు. ఆ గుంట సంగతి పూర్తిగా తెలిసినవాళ్ళం ఇప్పుడు మేమిద్దరమే మిగిలాం. అందుకే రాస్తున్నాను. పెద్దత్త చదువుతుందన్న ఆశ నాకేం లేదు, ఆవిడ రేషన్ కార్డు మీద పేరు తప్ప ఏదీ చదవదు. ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి కదా.

మాది గురజాల అవతల, రాళ్ళు కొట్టుకుని బతికేవాళ్ళ పేట. ఎనభైల్లో అక్కడ ఇళ్ళన్నీ నాపరాళ్ళే. గోడలు నాపరాళ్ళు, కప్పు నాపరాళ్ళు, కూర్చునే అరుగు, బట్టలుతికే బండ, నీళ్ళ తొట్టి, అన్నీ అవే. ఎండాకాలం రాత్రి ఇంట్లో పడుకుంటే పెనం మీద పడుకున్నట్టుండేది. నాన్న అంకయ్య క్వారీలో తూటాలు పెట్టే మనిషి. నాపరాయి భూమిలో పొరలు పొరలుగా ఉంటుంది, దాని మీద ఎందుకూ పనికిరాని పిచ్చిరాయి ఉంటుంది. ఆ పైరాయిలో బొక్కలు వేసి, మందు కూరి, వత్తి అంటించి లేపేస్తే, కింది పొరల్ని మిగతావాళ్ళు గడ్డపారలతో విడదీసి పలకలుగా పైకి తెస్తారు. నాన్న ఇంటికొచ్చేసరికి తల వెంట్రుకల నుంచి కనుబొమల దాకా తెల్లగా ఉండేవాడు. దగ్గరికి పోతే మందు వాసన, బీడీ వాసన, చెమట వాసన కలిసి వచ్చేవి. అమ్మ వేడినీళ్ళు తోడి, ఆయన వీపు రుద్దుతూ, "ఏందయ్యా, ఇయ్యాల ఆఖరిది ఆలస్యంగా పేలింది?" అని అడిగేది. "వత్తి చెమ్మగిల్లిందే" అనేవాడు నాన్న. వాళ్ళిద్దరి మధ్య కబుర్లంటే అవే. మా నాన్న అమ్మతో ప్రేమగా మాట్లాడగా నేను విన్నది ఆ వీపు రుద్దే వేళలోనే.

మా పేట ఆడవాళ్ళకి గడియారాలతో పని లేదు. పొద్దువాలాక కూలీలంతా గుంటలోంచి పైకొచ్చేస్తే, ఒక మనిషి ఎర్రగుడ్డ ఊపుతూ "తప్పుకోండహో" అని నాలుగు దిక్కులా కేక పెట్టేవాడు. ఆ కేక చెవిన పడగానే ఆడవాళ్ళు ఎక్కడి పని అక్కడ ఆపేసేవాళ్ళు. ఎత్తిన రోకలి ఎత్తినట్టే ఉండేది. పెట్టిన తూటాలన్నీ పేలాయని చెవికి నమ్మకం కుదిరితేనే మళ్ళీ పనిలో పడేవాళ్ళు. ఒకటి పేలకుండా ఉండిపోతే దాని దగ్గరికి పోయి చూడాల్సినవాడు మా నాన్న. అందుకని అందరి చెవుల కంటే మా అమ్మ చెవి పదునుగా ఉండేది. తూర్పు క్వారీ అయితే ముందు అరికాళ్ళ కింద అదిరి, ఆ తరువాత చెవిన పడేది. కొండవారది అయితే గూట్లో గిన్నెలు మోగేవి. ఇంట్లో కూర్చునే ఏ క్వారీ పేలిందో చెప్పేసేది. పక్కింటి వాళ్ళు గోడ మీదుగా "కోటమ్మక్కా, మాదేనా?" అని అడిగేవాళ్ళు. "మీదే లేవే, అన్నీ పేలినయ్, పో, కూర దించుకో" అనేది అమ్మ. ఒక్క వాగు వైపు నుంచి మాత్రం ఎప్పుడూ చప్పుడు రాలేదు. అటు క్వారీ లేదు. పోయిన పిల్లల్ని అటు పెట్టేవాళ్ళు.

పెద్దవాళ్ళు పోతే కాల్చడం, పాలపళ్ళు ఊడని పిల్లలు పోతే పూడ్చడం మా వాళ్ళలో పద్ధతి. పిల్లలకి దినం లేదు, తద్దినం లేదు, పేరు చెక్కిన రాయి లేదు. తండ్రి చేతుల మీద ఎత్తుకుపోయి పూడ్చి, మీద ఒక నాపరాయి పలక వేసి, నక్కలు తవ్వకుండా రేగుకంప కప్పి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేయాలి. తల్లి ఆ దరిదాపులకి పోకూడదు. పోతే మళ్ళీ కడుపు పండదనేవాళ్ళు, పోయిన పిల్ల వెంట వస్తుందనేవాళ్ళు. మా చెల్లి మణికి జ్వరం వచ్చి, ఒళ్ళు కాలిపోయి, మూర్ఛలు మొదలైతే, మా వీధిలోనే ఉండే లారీ డ్రైవర్ సుభానీ మామ రాళ్ళ లోడు అక్కడే దింపేసి నరసరావుపేట ఆసుపత్రికి బయలుదేరదీశాడు. నకరికల్లు రాకముందే అమ్మ ఒళ్ళోనే మణి అయిపోయింది. లారీ వెనక్కి తిప్పారు. నాన్న పిల్లని గడప కూడా దాటించలేదు. అమ్మ చేతుల్లోంచి తీసుకుని అటునుంచి అటే వాగు వైపు నడిచాడు. అమ్మ వెంటబడితే నాయనమ్మ, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు రెక్కలు పట్టుకుని లోపలికి లాక్కొచ్చారు. ఆ పెనుగులాటలో అమ్మ గాజులు పగిలి ఒక ముక్క నా కాల్లో గుచ్చుకుంది. దాన్ని తీసే తీరిక కూడా ఆ రోజు ఎవరికీ లేకపోయింది.

ఏడుపులన్నీ అయిపోయాక అమ్మకి ఇంకో బాధ పట్టుకుంది. ఇంటి పనంతా చేసేది. మాకు తలలు దువ్వేది, జొన్నరొట్టె చేసేది, గేదెకి కుడితి పెట్టేది. నాన్న స్నానం చేసి అరుగు మీద కూర్చోగానే మాత్రం వచ్చి పక్కన నిలబడేది. "యాడ పెట్టావయ్యా?" అని అడిగేది. "వాగు ఒడ్డున, జిల్లేడు పొద పక్కన." "రాయి పెద్దదేనా?" "పెద్దదేనే." "కంప బాగా ఏశావా?" "ఏశాలే." "ఒక్కసారి చూపించయ్యా." "ఆడోళ్ళు రాగూడదు గదే కోటీ." అక్కడికి ఆగిపోయేది. మర్నాడు మళ్ళీ అదే వేళకి, అవే మాటలు. నాన్న ఒక్కనాడు కూడా విసుక్కోలేదు. కానీ అమ్మ అన్నం తినడం తగ్గిపోయింది, రవికెలు వదులైపోయాయి, చూస్తూ చూస్తూ మనిషి సగమైపోయింది. నాయనమ్మ తాయెత్తులు కట్టించింది, కోటప్పకొండకి మొక్కింది. ఇంకో పిల్ల పుడితే అదే సర్దుకుంటుందని కూడా అంది. ఆ మాటకి నేను ఆవిడని ఎప్పటికీ క్షమించలేదు.

కొన్నాళ్ళకి నాన్న మమ్మల్ని హైదరాబాద్ తీసుకుపోయాడు. ఆ ప్రయాణం వెనక సంగతి నాకు తరువాత తెలిసింది గానీ, దాన్ని దాచిపెట్టి కథ నడిపించే ఓపిక నాకు లేదు, ఇక్కడే చెప్పేస్తాను. పాత క్వారీల్లో రాయి అయిపోవచ్చింది. వారాల తరబడి పనిలేక మగవాళ్ళంతా అరుగుల మీద చేరారు. క్వారీ ఓనరు వాగు ఒడ్డు పోరంబోకుని కౌలుకి తీసుకుని వచ్చి, అక్కడ రాయి తెరిస్తే పదేళ్ళు పనికి కరువుండదన్నాడు. ఆ నేలలో ఎవరెవరి పిల్లలు ఉన్నారో మగవాళ్ళందరికీ తెలుసు, వాళ్ళే కదా పెట్టి వచ్చింది. అందరూ కూడబలుక్కుని సరేనన్నారు. ఇంట్లో ఆడవాళ్ళకి చెప్పకూడదనుకున్నారు. మిగతావాళ్ళ పిల్లలు పోయి ఏళ్ళయింది, మణి పోయి ఇంకా ఏడాది తిరగలేదు. పైగా మొదటి తూటా పేలగానే అరికాలితోనే దిక్కు చెప్పేయగల మనిషి మా అమ్మ. మొదటి పేలుళ్ళు అయ్యి, అక్కడి నేల రూపం మారేదాకా ఆమె ఆ చప్పుడుకి అందనంత దూరంలో ఉండాలని నాన్న అనుకున్నాడు. ఆ తరువాత ఏం చెప్పాలో ఆయనకి తెలుసునని నేననుకోను.

ఒకరోజు అన్నం తింటూ తింటూ, "హైదరాబాద్ పోదామే. మ్యూజియంలు చూసొద్దాం" అన్నాడు. మా పేటలో ఆసుపత్రికో, కోర్టు వాయిదాకో తప్ప ఎవరూ పట్నం మొహం చూసి ఎరగరు. నాయనమ్మ కంచం పక్కన పెట్టి, "మూజియం అంటే ఏందిరా?" అంది. "పాతకాలం రాజుల బొమ్మలూ, కత్తులూ పెడతారే అమ్మా. సుభానీ చెప్పాడు." "చచ్చిపోయినోళ్ళ సామాన్లు చూడటానికి అంత దూరం పోవాలంట్రా? నీకేమన్నా పిచ్చా? పనిలేక తిండికే తంటాలు పడతంటే ఊరేగటం ఒకటా?" నాన్న ఆమె వైపు చూడకుండా, అమ్మనే చూస్తూ, "నీకు మనసు తేలికవుద్దే. పిల్లలు గూడా చూస్తారు" అన్నాడు. అమ్మ "నీ ఇష్టం" అంది. మేము మాత్రం ఎగిరి గంతేశాం. శీను ఆ సాయంత్రం పేటంతా తిరిగి, కనపడిన ప్రతి వాడికీ హైదరాబాద్ పోతున్నామని చెప్పొచ్చాడు. మగవాళ్ళు ఎందుకో ఎవరూ వాణ్ణి ఆటపట్టించలేదు. ఒకాయన అయితే వాడి తల నిమిరి, "పోయిరండ్రా" అని లోపలికి వెళ్ళిపోయాడట.

సుభానీ మామ లారీలోనే పోయాం, వెనక నాపరాళ్ళ లోడు, ముందు క్యాబిన్‌లో మేము. అమ్మ పులిహోర కలిపి, మినపరొట్టె చేసి, ఎండుమిరపకాయల పచ్చడి సీసాలో పెట్టి తెచ్చింది. క్యాబిన్ అంతా డీజిలు వాసన, పచ్చడి వాసన. సాగర్ డ్యామ్ దగ్గర మామ లారీ ఆపి నీళ్ళు చూపించాడు. నాన్న డ్యామ్ గోడ చూపించి, "చూడవే కోటీ, ఎంత రాయి పట్టి ఉంటదో" అన్నాడు. అమ్మ చూసింది. టీ కొట్టు దగ్గర అమ్మ శీనుని ఒంటేలుకి తీసుకుపోయినప్పుడు, సుభానీ మామ గ్లాసు తిప్పుతూ మెల్లగా, "రేపు మొదలుపెడతారా అంకయ్యా?" అన్నాడు. "పొద్దున కొబ్బరికాయ కొడతామన్నారు. సాయంత్రానికి పేలస్తారు" అన్నాడు నాన్న. "తప్పు చేస్తన్నావేమో, చెల్లికి చెప్పాల్సింది" అన్నాడు మామ. నాన్న టీ సగం తాగి పారబోశాడు. నేను అక్కడే ఉన్నాను. ఏదో క్వారీ గొడవలే అనుకున్నాను.

పాతబస్తీలో సుభానీ మామ అక్క ఇంట్లో దిగాం. ఆవిడ మమ్మల్ని చూసి ఎంత సంబరపడిందో చెప్పలేను, మా కోసం మాంసం వండకుండా విడిగా పప్పు వండించింది. అమ్మ మాంసం తినడం మానేసిందని మామ ముందే చెప్పి ఉంటాడు. మర్నాడు పెద్ద మ్యూజియంకి తీసుకెళ్ళారు. ఎన్ని గదులో, ఎన్ని పింగాణీ పాత్రలో, ఎన్ని కత్తులో. ఒకచోట జనం నేల మీద కూర్చుని పెద్ద గడియారం వైపు చూస్తున్నారు. అందులోంచి ఒక బుల్లి మనిషి వచ్చి గంట కొడితే అంతమందీ ఒక్కసారి "ఆ" అన్నారు. శీను ఆ బుల్లి మనిషి మళ్ళీ వచ్చేదాకా కదలనని మారాం చేశాడు. ఇంకో గదిలో పాలరాతితో చెక్కిన ఆడమనిషి ముసుగు వేసుకుని ఉంది. ముసుగు వెనక మొహం కనపడుతోంది. నాన్న దాని చుట్టూ తిరిగి తిరిగి చూశాడు. "ఇది రాయేనంటనే. రాయితో గుడ్డ చేశాడు, చూడు. ఓసి దీని దుంపతెగ" అని చిన్నపిల్లాడిలా అమ్మ చెయ్యి పట్టుకు లాగాడు. అందరి ముందు ఆయన అమ్మ చెయ్యి పట్టుకోవడం నేను చూడటం అదే మొదలు. అమ్మని ఎలాగైనా నవ్వించాలని ఆ రోజంతా పడరాని పాట్లు పడ్డాడు. బత్తాయిలు వలిచి తొనలు నోటికి అందించాడు. ఆమె నవ్వలేదు గానీ తొనలు తింది.

పొద్దువాలే వేళకి మెట్ల మీదికి వచ్చి నిలబడ్డాం. ఎదురుగా మూసీ, దాని మీద వంతెన, బస్సులు, రిక్షాలు, చెవులు చిల్లులు పడే రొద. నాన్న ఉన్నట్టుండి మాట ఆపేశాడు. మొహం దక్షిణం వైపు తిప్పి, నోరు కొంచెం తెరిచి, అలాగే నిలబడిపోయాడు. మా ఊళ్ళో ఎర్రగుడ్డ ఊపే వేళ అది. నూరు మైళ్ళ అవతల పేలేది ఇక్కడ వినపడదని ఆయనకి తెలియదా? తెలుసు. అయినా చెవి ఊరుకోదు. "ఏందయ్యా?" అంది అమ్మ. "ఏం లేదే, బస్సు కోసం చూస్తన్నా" అన్నాడు.

రెండో రోజు తోటలో ఉన్న ఇంకో మ్యూజియంకి పోయాం. సుభానీ మామ లోడు దింపే పనిలో ఉండి రాలేదు. నాన్నకి చదువు రాదు, బోర్డులు నేనే కూడబలుక్కుని చదివాను. రాతి విగ్రహాలు, నాణేలు చూసుకుంటూ పోతే ఒక గదిలో జనం గుంపుగా ఉన్నారు. అద్దాల పెట్టె. అందులో గుడ్డపీలికలతో చుట్టిన ఏదో ఉంది. తల, చేతులు, పొడుగాటి కాళ్ళు. పక్కనున్న కాగితం చదివి నేనే చెప్పాను, గొప్పగా: "అమ్మా, ఇది ఈజిప్టు దేశం పిల్లంట. చచ్చిపోతే మందులు పూసి ఇట్టా చుట్టిపెట్టారంట. వేల ఏళ్ళయిందంట." చెప్పేశాక అమ్మ మొహం చూశాను. ఆమె అద్దం దగ్గరికి పోయి, రెండు అరచేతులూ దాని మీద ఆనించింది.

అక్కడ కాపలా ఉండే ముసలాయన, "అద్దం ముట్టొద్దమ్మా" అన్నాడు. అమ్మ చేతులు తీసేసి, "పిల్లేనా అయ్యా?" అంది. "పిల్లే. రాజుల ఇంటి బిడ్డంట." "ఎట్టా పోయింది?" "ఎవరికెరుక? చానా పాత సంగతి." "తల్లి చూసిందా?" ఆయనకి అర్థం కాలేదు. "తల్లి గూడా ఎప్పుడో పోయుంటది గదమ్మా" అన్నాడు. "అది కాదయ్యా. ఇట్టా చుట్టి పెట్టేటప్పుడు తల్లి పక్కన ఉందా? తల్లిని రానిచ్చారా?" ఆయన ఆమెని కాసేపు చూశాడు. నన్నూ, శీనునీ చూశాడు. "ఉండే ఉంటదమ్మా" అన్నాడు, గొంతు తగ్గించి. "ఉండే ఉంటది" అంది అమ్మ. అక్కడే గోడకి ఆనుకుని కింద కూర్చుంది. జనం ఆమెని దాటుకుంటూ పోతున్నారు. వెనక గదిలోంచి వచ్చిన నాన్న, పెట్టెలో ఉన్నదేమిటో నన్ను అడిగి తెలుసుకుని బిత్తరపోయాడు. మరపించడానికి తెచ్చిన మనిషిని తీసుకొచ్చి చచ్చిపోయిన పిల్ల ముందే నిలబెట్టాడు. "లేవే కోటీ. శవం దగ్గర అట్టా కూసోగూడదు, తలస్నానం చేయాల్సొస్తది. లే" అని రెక్క పట్టుకున్నాడు. అమ్మ కదల్లేదు. ముసలాయన నాన్నతో, "ఉండనీ బాబూ, గేటు మూసే టైంకి చాలా ఉంది" అన్నాడు.

చాలాసేపటికి తనే లేచింది. తోటలో గడ్డి మీద కూర్చున్నాక, పొద్దున కలిపి తెచ్చిన పులిహోర మూట విప్పి అందరికీ పెట్టి, తనూ పెట్టుకుని తింది. రెండోసారి కూడా పెట్టుకుంది. నాకెంత సంతోషమైందో! అమ్మ బాగైపోయిందనుకున్నాను. చెయ్యి కడుక్కుని నాన్నతో అంది: "ఎంత కాలం ఉంచారో చూడు ఆ పిల్లని. నాకు అంత కాలం అక్కర్లేదయ్యా. నేనున్నన్నాళ్ళు ఉంటే చాలు. ఊరు పోయాక నన్నొక్కసారి తీసకపో. దగ్గరికి రాను. జిల్లేడు పొద అవతలే నిలబడతా. అత్తకి చెప్పబాక. చూసొచ్చి మామూలు మనిషిని అయిపోతా, నీ మీద ఒట్టు." నాన్న గడ్డి పీకుతూ కూర్చున్నాడు. ఆ రోజు ఆ పెట్టె ఎదురుగా నిలబడి ఆయన నిజం చెప్పేసి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. "సరే" అన్నాడు. అమ్మ అప్పుడు నవ్వింది.

ఆ సాయంత్రమే చార్మినారు దగ్గర గాజుల కొట్లో ఆగింది. చిన్నపిల్లల గాజులు కావాలంది. కొట్టువాడు నా చెయ్యి చూసి తీయబోతే, "దీనికి కాదు" అని బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఇంత అని సైజు చూపించింది. "పిల్లని తెచ్చుంటే సరిగ్గా చూసి ఇద్దునమ్మా" అన్నాడతను. "ఊళ్ళో ఉంది" అంది అమ్మ. ఎర్రవి, తళుకులద్దినవి తీసుకుంది. నాన్న కొట్టు బయట నిలబడి మా వైపు వీపు పెట్టి ఉన్నాడు. లారీలో తిరుగు ప్రయాణమంతా ఆ గాజుల పొట్లం అమ్మ ఒళ్ళోనే ఉంది. మణికి ఎర్రరంగు ఎంత ఇష్టమో, ఎర్ర రిబ్బను కోసం ఎలా పేచీ పెట్టేదో సుభానీ మామకి చెప్పుకుంటూ వచ్చింది.

పొద్దున ఇంటికి చేరాం. నాన్న మొహం కడుక్కుని, "సాయంత్రం పోదాంలే" అని క్వారీకి వెళ్ళిపోయాడు. అమ్మ తలంటుకుంది, ఉతికిన చీర కట్టుకుంది, గాజులు కొంగున ముడివేసుకుంది. పొద్దువాలేసరికి అరుగు మీద కూర్చుని నాకు జడ వేస్తోంది. ఎర్రగుడ్డ మనిషి కేక వినపడింది. అమ్మ చేతులు నా జడ మధ్యలో ఆగాయి. మేమంతా ఎప్పటిలాగే ఊపిరి బిగపట్టాం. అరుగు అదరడం, చప్పుడు రావడం రెండూ ఒక్కసారే అయ్యాయి. అంత దగ్గరగా మేమెప్పుడూ వినలేదు. గోడలో సున్నం రాలి నా తల మీద పడింది. ఒకటి, దాని వెంట ఇంకొకటి, ఇంకొకటి. పక్కింటామె గోడ మీదుగా, "కోటమ్మక్కా, ఇది యాడిది?" అంది. అమ్మ జడ వదిలేసింది.

నాన్న వచ్చేసరికి వేడినీళ్ళు లేవు. ఆయన వాకిట్లోనే నిలబడిపోయాడు, ఒళ్ళంతా తెల్లటి దుమ్ముతో. "వాగు వైపు" అంది అమ్మ. "కాదని చెప్పయ్యా. కొండవారది అని చెప్పు, నమ్ముతా. అబద్ధమే చెప్పు." నాన్న వాకిట్లో చతికిలపడ్డాడు. నా ఎదుటే, శీను ఎదుటే, నాయనమ్మ ఎదుటే ఏడ్చాడు. "తీసి యాడన్నా పెడదామనుకున్నానే. ప్రయాణానికి ముందు గడ్డపార తీసుకుని పోయా. పైన పలక ఎత్తలేకపోయానే కోటీ. ఇన్ని రాళ్ళు ఎత్తినోణ్ణి, ఆ రాయి కింద చెయ్యి పెట్టలేకపోయా" అన్నాడు. అమ్మ ఆయన దగ్గరికి పోలేదు, అరవలేదు, జుట్టు పీక్కోలేదు. "నాకు చెప్తే నేను తీసుకునేదాన్నిగా" అంది. "నా పిల్లని నేను ఎత్తుకునేదాన్నిగా."

ఆ తరువాత మళ్ళీ ఎన్నడూ "యాడ పెట్టావయ్యా" అని అడగలేదు. తూటాల చప్పుడు వినడం కూడా మానేసింది. ఎర్రగుడ్డ మనిషి కేక వినపడగానే పోయి రోట్లో ఏదో ఒకటి వేసి దంచడం మొదలుపెట్టేది. కారమో, జొన్నలో, పసుపుకొమ్ములో. ఏమీ లేనినాడు ఉత్త రోలే దంచేది, రాతి మీద రోకలి పొన్ను ఠంగుఠంగుమని మోగేది. "ఉత్త రోలు దంచగూడదే, ఇంటికి అరిష్టం" అని నాయనమ్మ మొత్తుకునేది. "ఇంకా ఏం కావాలి అత్తా?" అనేది అమ్మ, దంచుతూనే. పక్కింటివాళ్ళు గోడ మీదుగా అడగడం మానేశారు. తూటాలన్నీ పేలాయో లేదో, నాన్న క్షేమంగా ఉన్నాడో లేదో ఇంక మా ఇంట్లో ఎవరికీ తెలిసేది కాదు. ఆయన వచ్చి వాకిట్లో నిలబడి రోకటి చప్పుడు ఆగేదాకా చూసి, అప్పుడు లోపలికి వచ్చి, తన నీళ్ళు తనే తోడుకుని, చెయ్యి అందినంత మేర తన వీపు తనే రుద్దుకునేవాడు.

నాన్న ఊపిరితిత్తుల్లో దుమ్ము పేరుకుపోయి, దగ్గి దగ్గి, ముసలితనం రాకుండానే పోయాడు. అమ్మ ఆయనకి ఏ లోటూ చేయలేదు. మంచం దగ్గరే ఉంది, గిన్నె పట్టింది, గంజి తాగించింది. హైదరాబాద్ మాట మాత్రం ఇద్దరూ ఎత్తలేదు. వాగు ఒడ్డు క్వారీ కూడా ఓనరు చెప్పినట్టు పదేళ్ళు రాలేదు, రాయి తొందరగానే అయిపోయింది. గుంటలో నీళ్ళు నిండి, పక్కనే తుమ్మలు మొలిచాయి. అక్కడి రాయి ఏ ఊళ్ళో ఎవరి నట్టింట్లో పరిచారో ఎవరికి తెలుసు? ఇప్పుడు అందరూ నున్నటి టైల్సు వేయించుకుంటున్నారు, మా నాపరాయిని పెరట్లో కూడా వేయడం లేదు. నేను టీచరునై, పెళ్ళై, పిల్లలు పుట్టాక, వాళ్ళ బడివాళ్ళతో కలిసి ఆ తోటలో మ్యూజియంకి ఇంకోసారి వెళ్ళాను. ఆ పిల్ల అక్కడే ఉంది. పెట్టె మారింది, లైట్లు మారాయి, ఆమెని పాడవకుండా చూసుకోవడానికి ఏవేవో యంత్రాలు పెట్టారు. పిల్లలందరూ ముచ్చటపడి చూశారు. నాకు మాత్రం కడుపు మండిపోయింది. ఎవరి మీదో చెప్పమంటే చెప్పలేను.

అమ్మ ఆఖరి రోజులు నరసరావుపేటలో మా ఇంట్లోనే గడిచాయి. ఒక మధ్యాహ్నం నేను కాళ్ళు ఒత్తుతుంటే, పైకప్పు వైపు చూస్తూ అడిగింది. "ఏమే పెద్దమ్మాయ్, కాల్చాక బూడిదకి ఆడా మగా ఉంటదా?" "ఏముంటదమ్మా" అన్నాను. "అయితే అప్పుడు పోవచ్చుగా, ఎవరూ రావద్దనరుగా" అంది. ఎక్కడికని నేను అడగలేదు. "నా పెట్టెలో అడుగున పొట్లం ఉంది. అది గూడా తీసకపోండి" అంది.

దహనం మా పేటలోనే అయింది. చిన్నకర్మ రోజు బంధువులింకా నిద్ర లేవకముందే శీనూ, నేనూ పోయాం. కుండ వాడు పట్టుకున్నాడు, పొట్లం నేను పట్టుకున్నాను. విప్పి చూస్తే గాజుల ఎర్రరంగు ఇంకా వెలిసిపోలేదు. గుంట ఒడ్డు నిటారుగా ఉంది, రాతి పొరలన్నీ తెగి బయటికి కనపడుతున్నాయి. నాన్న వేసిన బొక్కల గుర్తులు ఇంకా ఉన్నాయి. ముందు గాజులు వదిలాను, తరువాత వాడు కుండ వంచాడు. వచ్చేటప్పుడు శీను, "వెనక్కి తిరిగి చూడబాకే అక్కా" అన్నాడు. నేను ఆగి, తిరిగి, నింపాదిగా చూసొచ్చాను.